గాలి తగిలిన బన్ను: పర్లాకిమిడిలో ఒక ఎయిర్ ఫ్రయర్ కేసు

ఫోన్ ఎత్తగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "బాబూ, మీ దగ్గర మంచి ఈస్ట్ దొరుకుతుందా?" అని.

నేను ఈస్ట్ అమ్మను. బరంపురంలో ఒక బేకరీలో పదకొండేళ్ళు పిండి దగ్గరా పొయ్యి దగ్గరా పనిచేసి, మూడేళ్ళ కిందట సొంత ఊరు పర్లాకిమిడి వచ్చేశాను. ఇళ్ళకు వెళ్ళి కేకులు, బ్రెడ్డు నేర్పుతాను. ఇంట్లో చేసింది చెడిపోతుంటే ఎక్కడ చెడుతోందో చూసి చెబుతాను. ఈస్ట్ సంగతి అడిగితే, బన్నులు రాళ్ళలా వస్తున్నాయని, నాలుగుసార్లు చేశానని, రెండు రకాల ఈస్ట్ మార్చానని చెప్పారు. ఆవిడ రిటైరైన టీచరు. ఇంట్లో ఎనభై దాటిన అత్తగారు ఉన్నారు. పొద్దున్నే టీలో బన్ను ముంచుకు తినడం ఆవిడకు ఏళ్ళనాటి అలవాటు. పళ్ళు లేవు. కొట్లో బన్ను మరీ తియ్యగా ఉంటోందని ఈ మధ్య మానేశారట. మనవడు కొనిచ్చిన ఎయిర్ ఫ్రయర్ (ఫ్యాన్‌తో వేడిగాలి తిప్పి వండే కరెంటు పెట్టె) ఉంది కదా, ఇంట్లోనే చేద్దామని కోడలి ప్రయత్నం.

మా ఊళ్ళో ఒడియా వాళ్ళు పావురుటి అంటారు, మా ఇళ్ళలో రొట్టె అంటాం. బన్ను మాత్రం రెండు భాషల్లోనూ బన్నే. అందుకే దాని మీద అందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది. టీచరు గారి అత్తగారికి, అంటే మామ్మగారికైతే మరీను.

ఈ కేసు నాకు ఆరు వాయిలు, రెండు వారాలు పట్టింది. మొదటి అంచనా తప్పాను కూడా. అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదటి రోజు చూసింది

ఏప్రిల్ రెండో ఆదివారం పొద్దున పదింటికి వెళ్ళాను. నా పద్ధతి ఒకటే. మొదటిసారి నేను ఏమీ ముట్టుకోను, వాళ్ళు ఎప్పుడూ చేసేలా చేయమని పక్కన కూర్చుంటాను. చేతిలో మూడు వస్తువులుంటాయి: గ్రాముల కాటా, సూది థర్మామీటరు, నోటు పుస్తకం.

టీచరు గారు వీడియోలో చూసిన ప్రకారం "రెండు కప్పుల మైదా, ఒక కప్పు పాలు" అన్నారు. కొలిచింది మాత్రం ఇంట్లో ఉన్న స్టీలు గ్లాసుతో, మైదాను వేలితో అదిమి. ఆవిడ గిన్నెలో పోసే ముందు నేను కాటా మీద పెట్టించాను. మైదా 310 గ్రాములు. పాలు 155. కలిపాక చేతికి అంటుకుంటోందని మరో రెండు గుప్పెళ్ళు చల్లారు, అది 25. అంటే 335 గ్రాముల మైదాకు 155 పాలు, వందకు 46. ఇది పూరీ పిండి లెక్క. బన్నుకు మైదా బరువులో 65 శాతం దాకా పాలు ఉండాలి, ముద్ద చేతికి కాస్త అంటుకోవాలి కూడా. అంటుకుంటోందని పిండి చల్లడం చపాతీకి చెల్లుతుంది, బన్నుకు చెల్లదు.

నాలుగు నిమిషాలు పిసికి పక్కన పెట్టారు. గంటలో ముద్ద బాగానే పొంగింది. అక్కడే ఈస్ట్ నిర్దోషి అని తేలిపోయింది. ఆ మాట చెబితే టీచరు గారు నమ్మలేదు. గోరువెచ్చని నీళ్ళలో చిటికెడు పంచదార, అరచెంచా ఈస్ట్ వేసి పది నిమిషాలు ఉంచి చూపించాను. గ్లాసు నిండా నురగ వచ్చింది. అప్పుడు నమ్మారు.

ఆరు ఉండలు చేశారు, ఒక్కోటి సుమారు 90 గ్రాములు. బుట్టలో బటర్ పేపర్ వేసి విడివిడిగా పెట్టారు. ముందు వేడి చేయలేదు. 200 డిగ్రీలు, 12 నిమిషాలు. ఓవెన్‌కు చెప్పిన అంకెల్నే తీసుకొచ్చి ఇక్కడ పెట్టారన్నమాట. నాలుగో నిమిషంలో కాలుతున్న వాసన. తీసి చూస్తే బటర్ పేపర్ అంచు గాలికి లేచి పైనున్న కాయిల్‌కు తగిలి నల్లబడింది. మీ ఇంట్లో ఎయిర్ ఫ్రయర్ ఉంటే ఇది గుర్తు పెట్టుకోండి. మీద బరువు లేని కాగితం అందులో ఉండకూడదు. ఖాళీ బుట్టలో కాగితం వేసి ముందుగా వేడి చేయడం అసలే వద్దు.

పన్నెండో నిమిషానికి పై భాగం ముదురు గోధుమరంగు దాటి నల్లగా మారింది. సూది గుచ్చితే మధ్యలో 81 డిగ్రీలే. బన్ను ఉడికిందని చెప్పాలంటే నడిమ 90 దాటాలి. విరిస్తే పైన అర అంగుళం పెంకు, లోపల బంక. మామ్మగారు ఒక ముక్క టీలో ముంచి, కాసేపు చూసి, పక్కన పెట్టేశారు. "ఏటి బాబూ, దీన్ని రోట్లో దంచుకుని తినాలేటి?" అన్నారు.

నా తప్పు

ఆ రోజు నోటు పుస్తకంలో రెండు కారణాలు రాసుకున్నాను: పాలు తక్కువ, వేడి ఎక్కువ. రెండూ నిజమే. కానీ వాటితో సరిపోతుందనుకోవడం పొరపాటు.

బేకరీ అలవాటు మనిషిని వదలదు. మేం వాడిన పొయ్యిలో కింద ఒక వేడి, పైన ఒక వేడి, తలుపు వేస్తే లోపల గాలి కదలదు. ట్రే నిండా బన్నులు పెడితే వాటిలోంచి వచ్చిన ఆవిరి అక్కడే నిలిచి వాటినే మెత్తగా ఉంచుతుంది. పైన నల్లబడితే వేడి తగ్గించి సమయం పెంచుతాం. అదే ఇక్కడా చేశాను. పాలు 65 శాతానికి పెంచాను. పన్నెండు నిమిషాలు గట్టిగా పిసికించాను. ముద్దలోంచి కొంచెం తీసి రెండు చేతుల వేళ్ళతో సాగదీస్తే చిరగకుండా పల్చటి పొరై, అవతలి వెలుతురు కనిపించింది. పిండికి సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ తయారైందనడానికి గుర్తు అదే. ముద్దలో వంక పెట్టడానికేం లేదు. 80 గ్రాముల ఉండలు చేసి, 150 డిగ్రీల దగ్గర 22 నిమిషాలు పెట్టాను.

రంగు అందంగా వచ్చింది. పట్టుకుంటే మాత్రం రస్కు. పెంకు నాలుగు మిల్లీమీటర్ల మందం.

అయినా ఆ వాయి వృథా కాలేదు, ఎందుకంటే తీసిన వెంటనే తూచాను. 80 గ్రాముల ఉండ 64 గ్రాముల బన్ను అయింది. అంటే ఇరవై శాతం తడి పోయింది. బేకరీలో మాకు బన్నుకు 10 నుంచి 12 శాతం పోయేది. మరి తక్కువ వేడిలో ఇంత తడి ఎక్కడికి పోయింది?

జవాబు ఆ ఇంటి డాబా మీదే ఉంది. వేసవి కదా, టీచరు గారు చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టారు. ఆ రోజు గాలి బాగా వీస్తోంది. పొద్దున పెట్టినవి మధ్యాహ్నానికే పైన గట్టిపడ్డాయి, లోపల ఇంకా పచ్చి. గాలి లేని రోజున ఎండ ఇంతే ఉన్నా అంత త్వరగా పైపొర గట్టిపడదు. ఎయిర్ ఫ్రయర్ అంటే చిన్న పెట్టెలో ఆగకుండా వీచే వడగాలి. బంగాళాదుంప ముక్క కరకరలాడేది ఆ గాలి వల్లే. బన్ను ఎండేదీ దానివల్లే. నేను వేడి తగ్గించి సమయం పెంచానంటే, బన్నును ఆ వడగాలిలో మరో పది నిమిషాలు నిలబెట్టానన్నమాట.

గిన్నె కింద ఒకటి, బయట ఒకటి

అంచనా సరే, నిరూపణ కావాలి. మర్నాడు చిన్న ముద్ద కలిపించి రెండే ఉండలు చేశాం, ఒక్కోటి కచ్చితంగా 40 గ్రాములు. రెండిటినీ ఒకే బుట్టలో పెట్టి, ఒకదాని మీద మాత్రం చిన్న స్టీలు గిన్నె బోర్లించాం. 160 డిగ్రీలు, 12 నిమిషాలు.

గిన్నె కింది ఉండ 37 గ్రాములు తూగింది. బయటిది 33.5. ఒకదాంట్లో ఏడున్నర శాతం పోతే రెండోదాంట్లో పదహారు. గిన్నె కిందిది తెల్లగా, నున్నగా, ఇడ్లీ బుగ్గలా ఉంది. బయటిది పొట్టిగా ఉండి, పక్కన పగిలింది.

ఆ పగులు చూపించి టీచరు గారికి చెప్పింది ఇది. ఉండను వేడిలో పెట్టగానే లోపలి ఈస్ట్ చివరిసారి జోరందుకుంటుంది. లోపలి గాలి బుడగలు వేడికి వ్యాకోచిస్తాయి. ఈస్ట్ చచ్చిపోయేది 55, 60 డిగ్రీల దగ్గర. అందాకా, ఆ తర్వాత కొంతసేపటి దాకా కూడా ఉండ ఉబ్బుతూనే ఉంటుంది. ఆ సమయంలో పైతోలు తడిగా ఉంటే సాగుతుంది. గాలికి ముందే ఎండిపోతే సాగదు. లోపలి ఒత్తిడి బలహీనమైన చోట చీల్చుకుని బయటికి వస్తుంది. మొదటి ఏడెనిమిది నిమిషాలు తోలు ఎండకుండా కాపాడితే పెరుగుదల పూర్తవుతుంది. ఆ తర్వాత గాలి తగిలినా రంగు వస్తుందే తప్ప నష్టం లేదు.

టీచరు గారు అంతా విని, "అంటే ముందు ఇడ్లీలా, తర్వాత రొట్టెలా" అన్నారు. ఇప్పుడు పాఠం చెప్పేటప్పుడు నేనూ అదే మాట వాడుకుంటున్నాను.

అడుగు పచ్చి

మూడో వాయికి మూడు మార్పులు చేశాను. ఉండల్ని విడివిడిగా కాకుండా కేకు డబ్బాలో ఒకదానికొకటి ఆనేలా పెట్టించాను. పక్కలు ఒకదాన్నొకటి కాచుకుంటాయి, గాలి తగిలేది నెత్తికే. డబ్బా మీద ఫాయిల్‌ను గొడుగులా ఎత్తుగా కప్పి, అంచుల దగ్గర గట్టిగా నొక్కించాను. ఫ్యాన్ గాలికి ఫాయిల్ లేచిపోయినా ప్రమాదమే, పొంగే బన్నుకు అతుక్కున్నా తోలు ఊడుతుంది.

మూడోది జావ. మైదాలో కొంచెం తీసి, దానికి అయిదు రెట్లు పాలు పోసి, సన్నటి సెగ మీద కలుపుతూ ఉంటే 65 డిగ్రీల దగ్గర చిక్కబడుతుంది. గరిట గీస్తే గీత నిలవాలి. చైనా, జపాన్ బేకరీల్లో ఇది మామూలు పద్ధతి. మనకూ కొత్తేం కాదు, పిల్లలకు కాచే జావే. పిండిలోని గంజి ఒకసారి ఉడికి నీటిని పట్టుకుంటే మళ్ళీ అంత సులువుగా వదలదు. దాంతో ముద్దలో ఎక్కువ పాలు పోసినా చేతికి విపరీతంగా అంటుకోదు, మర్నాటికీ బన్ను ఎండిపోదు. గాలి వీచే యంత్రంలో ఇది మామూలు ఓవెన్‌లో కన్నా ఎక్కువ పనికొస్తుంది.

పైన చూస్తే ఫొటో తీయాలనిపించేలా వచ్చాయి. టీచరు గారు తీశారు కూడా. డబ్బా బోర్లిస్తే అడుగు తెల్లగా, తడిగా ఉంది. అడుగు దగ్గర సూది 83 చూపించింది.

ఇందులో తప్పు డబ్బాది. వాళ్ళ బుట్ట లోపల ఎనిమిది అంగుళాలు కూడా లేదు, మేం పెట్టింది ఏడు అంగుళాల డబ్బా. ఎయిర్ ఫ్రయర్‌లో కాయిల్ పైనే ఉంటుంది. కిందికి వేడి చేరాలంటే గాలి పక్కల నుంచి దిగాలి. ఆ దారిని మేమే మూసేశాం. ఆరు అంగుళాల పల్చటి అల్యూమినియం డబ్బాకు మారి, కింద చిన్న వైరు స్టాండు పెట్టాం. ఆఖరి మూడు నిమిషాలు బన్నుల్ని మొత్తంగా డబ్బాలోంచి తీసి, బోర్లించి, ఖాళీ బుట్టలో పెట్టాం.

నాలుగో వాయి అలా కుదిరింది. 34 గ్రాముల ఉండలు ఏడు, మొత్తం 238 గ్రాములు. తీశాక 213. పదిన్నర శాతం, బేకరీ లెక్క. నడిమ 93 డిగ్రీలు. మామ్మగారు ముంచి తిన్నారు. మాట్లాడలేదు, రెండోది అడిగారు.

అదే రోజు మిగిలిన సగం ముద్ద మాత్రం పోయింది. డబ్బాలో ఏడే పడతాయి కాబట్టి మిగతా ఏడు ఉండలు వంటగదిలో వరస కోసం ఆగాయి. గదిలో 37 డిగ్రీలు. ఇరవై నిమిషాల్లో అవి పొంగాల్సినంత పొంగి, ఇంకా పొంగి, ఫాయిల్ కప్పుతుంటేనే చప్పబడ్డాయి. వేలితో నొక్కితే గుంట మెల్లగా సగం పూడాలి. అసలు పూడకపోతే ఆలస్యమైనట్టే. మన ఎండల్లో "గంటసేపు పొంగనివ్వండి" అని రాసినదాన్ని నమ్మకూడదు. అది చలి దేశాల గంట.

సాయంత్రం ఎందుకు చెడింది

పని అయిపోయిందనుకున్నాను. బుధవారం రాత్రి ఫోన్. అదే కొలతలు, అదే డబ్బా, అదే నిమిషాలు. బన్నులు పాలిపోయి, నడిమ పచ్చిగా ఉన్నాయట. టీచరు గారి గొంతులో కోపం లేదు, టెన్షన్ ఉంది. తనే ఏదో మరిచిపోయానని ఆవిడ అనుమానం. మళ్ళీ ఈస్ట్ మాట ఎత్తారు.

నేను ఒకటే అడిగాను, ఎన్ని గంటలకు చేశారని. రాత్రి ఏడున్నరకు అన్నారు. మేం చేసినవన్నీ పొద్దున పదికీ పన్నెండుకీ మధ్య.

మర్నాడు సాయంత్రం ఏడింటికి వెళ్ళి, ప్లగ్గులో పెట్టే చిన్న వోల్టు మీటరు పెట్టాను. 178. శుక్రవారం పొద్దున పది గంటలకు అదే ప్లగ్గులో 226. వాళ్ళది ఊరి చివర వీధి. ఎండాకాలం సాయంత్రం అందరి కూలర్లూ ఏసీలూ నీళ్ళ మోటార్లూ ఒకేసారి తిరుగుతాయి. వంటగదిలో ట్యూబ్‌లైటు కాస్త గుడ్డిగా వెలగడం వాళ్ళకు అలవాటే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాని వర్గంతో తగ్గుతుంది. యంత్రం మీద 1500 వాట్లని రాసింది 230 వోల్టులకు. 178ని 230తో భాగిస్తే 0.77, దాన్ని దాంతోనే గుణిస్తే 0.6. అంటే ఆ సాయంత్రం ఆ యంత్రం పనిచేసింది 900 వాట్లతో. డయల్ 160 మీదే ఉంటుంది, టైమరు టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది, గంట కూడా సరిగ్గానే కొడుతుంది. లోపల మాత్రం వేడి అందుకోదు. నాలుగు నిమిషాల ముందస్తు వేడి అప్పటికి చాలదు.

బ్రెడ్డు గురించి ఎంత తెలిసినా ఇది ముందు నాకు తట్టలేదు. బేకరీలో మాది కట్టెల పొయ్యి, తర్వాత డీజిల్ పొయ్యి. కరెంటుతో పిండికి సంబంధం ఉంటుందని నేర్పిన వాళ్ళు లేరు. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా కాటా కన్నా ముందు వోల్టు మీటరు తీస్తున్నాను.

దీనికి మూడు దారులు చెప్పాను. స్టెబిలైజరు కొనడం ఒకటి, ఈ యంత్రానికి 2 కేవీఏ సామర్థ్యం కన్నా తక్కువది పనికిరాదు, బన్నుల కోసం అంత ఖర్చు దండగ. సాయంత్రాలు తొమ్మిది నిమిషాలు ముందుగా వేడి చేసి, ఫాయిల్ కింద మరో నాలుగు నిమిషాలు ఉంచడం రెండోది. అయితే వోల్టేజీ రోజుకో రకంగా ఉంటే ఈ అంకెలూ మారుతుంటాయి. మూడోది, రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున కాల్చడం. టీచరు గారు మూడోది ఎంచుకున్నారు. దాంతో 37 డిగ్రీల గదిలో పొంగు అదుపు తప్పే బాధా తీరింది. ముద్ద చల్లగా మొదలవుతుంది కాబట్టి తొందరపెట్టదు. మామ్మగారి టీ వేళకు వేడి బన్ను దొరకడం లాభం.

నిలిచిన పద్ధతి

పద్నాలుగు చిన్న బన్నులకు, రెండు వాయిలు. అన్నీ గ్రాముల్లో, పాలతో సహా కాటా మీదే.

మైదా మొత్తం 250. అందులో 15 తీసి, 75 పాలతో జావ కాచి చల్లార్చాలి. మిగిలిన 235 మైదాలో ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు 95, పంచదార 25, పాలపొడి 10, ఉప్పు 4, ఇన్‌స్టంట్ ఈస్ట్ 2, ఆ జావ. అన్నీ కలిశాక అయిదారు నిమిషాలు పిసికి, అప్పుడు మెత్తబడిన వెన్న 25 చేర్చాలి. వెన్న మొదటే వేస్తే గ్లూటెన్ కట్టడం ఆలస్యమవుతుంది. వెన్న పడగానే ముద్ద జారిపోతూ చెడిపోయినట్టు కనిపిస్తుంది. భయపడి పిండి చల్లొద్దు. మరో ఏడెనిమిది నిమిషాలకు దానంతటదే గిన్నెను వదులుతుంది. అప్పటికీ మరీ అంటుకుంటే చేతికి నూనె రాసుకోండి.

గదిలో ఇరవై నిమిషాలు ఉంచి, మూత పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో. పొద్దున సుమారు 34 గ్రాముల చొప్పున తుంచి, తోలు బిగుసుకునేలా అరచేతి కింద తిప్పి ఉండలు చేయాలి. ఏడింటిని నూనె రాసిన ఆరు అంగుళాల డబ్బాలో, నడిమ ఒకటి, చుట్టూ ఆరు. మిగతా ఏడూ ప్లేటులో పేర్చి, నూనె రాసిన కవరు కప్పి మళ్ళీ ఫ్రిజ్‌లోకి. డబ్బాలోవి వేసవిలో నలభై నిమిషాలకు, చలికాలంలో గంటంబావుకు సిద్ధమవుతాయి. గడియారం కన్నా వేలి గుంటను నమ్మండి. మొదటివి పొయ్యిలోకి వెళ్ళే పావుగంట ముందు రెండో వాటిని బయట పెడితే, ఖాళీ అయిన డబ్బాలోకి మార్చుకోవచ్చు.

160 డిగ్రీల్లో నాలుగైదు నిమిషాలు ఖాళీ యంత్రాన్ని వేడి చేసి, బన్నుల మీద పాలు పూసి, ఫాయిల్ గొడుగు కప్పి ఏడు నిమిషాలు. ఫాయిల్ తీసి నాలుగు నిమిషాలు. బోర్లించి మూడు. తీసిన వెంటనే నెత్తి మీద వెన్న రాసి, పల్చటి గుడ్డ కప్పి పది నిమిషాలు. లోపలి ఆవిరి బయటికి వస్తూ పైతోలును మెత్తబరిచేది అప్పుడే. ఈ పది నిమిషాలు ఆగలేని ఇళ్ళలో బన్ను పైన కొంచెం గట్టిగానే ఉంటుంది, అది యంత్రం తప్పు కాదు. కరెంటు రెండు వాయిలకూ కలిపి ఒక యూనిట్ కూడా కాదు.

మీ డయల్ 160 అంటే నిజంగా 160 అని అనుకోవద్దు. టీచరు గారి యంత్రం లోపల ఓవెన్ థర్మామీటరు పెడితే 172 చూపించింది. మొదటి వాయిని ఒక పరీక్షగా చూసి, రంగును బట్టి పది డిగ్రీలు అటో ఇటో జరుపుకోవాలి.

గోధుమ పిండితో చేయొచ్చా అని అందరూ అడుగుతారు. మైదాలో మూడో వంతు దాకా మార్చి, పది గ్రాముల పాలు ఎక్కువ పోస్తే బాగానే ఉంటుంది. మొత్తం గోధుమ పిండైతే పొట్టు వల్ల పొంగు తగ్గుతుంది. ఆ బన్ను వేరే రకం, దాన్నుంచి ఈ మెత్తదనం ఆశించొద్దు.

నిల్వ విషయంలో ఒక్కటే గొడవ పడ్డాను. టీచరు గారు మిగిలినవన్నీ ఫ్రిజ్‌లో పెట్టారు, పొద్దునకు బిరుసెక్కాయి. బ్రెడ్డులో ఉడికిన గంజి మళ్ళీ గట్టిపడటం ఫ్రిజ్ చల్లదనంలోనే అన్నిటికన్నా వేగంగా జరుగుతుంది. ముద్దకు ఫ్రిజ్ మంచిది, కాల్చిన బన్నుకు కాదు. రెండో రోజుకైతే మూత డబ్బాలో బయటే చాలు. అంతకన్నా ఎక్కువైతే డీప్ ఫ్రీజరులో పెట్టి, తినే ముందు నీళ్ళు చిలకరించి ఫాయిల్‌లో చుట్టి 150లో నాలుగైదు నిమిషాలు.

మూడు వారాల తర్వాత

ఆరో వాయి నేను లేకుండా జరిగింది. అసలు పరీక్ష అదే. నేను పక్కనుండి చేయించిన బన్ను నా బన్నే అవుతుంది. టీచరు గారు ఒక్కరే రాత్రి కలిపి, పొద్దున కాల్చి, నాలుగు బన్నుల్ని గుడ్డలో చుట్టి మనవడి చేత మా ఇంటికి పంపారు. తూచాను. ఒక్కోటి 30, 31 గ్రాములు. మా ఆవిడ తూచనివ్వకుండానే ఒకటి తీసేసుకుంది.

ఫీజు తీసుకోవడానికి మే మొదటి వారంలో వెళ్ళినప్పుడు మామ్మగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. బన్నులు ఎలా ఉన్నాయని అడిగాను.

"బాగానే ఉన్నాయి గానీ బాబూ, టీలో ముంచితే చేతికి రాటంలేదు. సగం గ్లాసులోనే ఉండిపోతంది. చెంచాతో తీసుకుని తింటన్నాను."

అందుకని ఇప్పుడు మామ్మగారి వాయికి ఫాయిల్ రెండు నిమిషాలు ముందే తీసేస్తున్నారు. తీశాక వెన్న రాయరు, గుడ్డ కప్పరు.